డోసు లెక్క, రక్తం లెక్క ఒకచోట చేరాలి

మేము రేడియేషన్ దగ్గర పనిచేసి బతికేవాళ్లం. ఎక్స్‌రే గదుల్లో టెక్నీషియన్లం, క్యాథ్‌ల్యాబ్‌లో డాక్టరు పక్కన లెడ్ ఏప్రన్ మోస్తూ నిలబడే నర్సులం, పైపుల వెల్డింగ్ అతుకులు పరీక్షించడానికి రాత్రిళ్లు ఇరిడియం సోర్సు పట్టుకెళ్లే ఎన్‌డీటీ కార్మికులం. తుమ్మలపల్లె యురేనియం గనిలో, హైదరాబాదు అణు ఇంధన కర్మాగారంలో పనిచేసేవాళ్లూ, అక్కడి కాంట్రాక్టు కూలీలూ మాలో భాగమే.

మా ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబుకు పంపుతారు. అక్కడ అందులోని బిళ్లల్ని వేడిచేసి, వెలువడిన కాంతిని బట్టి మాకెంత డోసు తగిలిందో లెక్కగడతారు. ఆ అంకె రిజిస్టరులోకి ఎక్కుతుంది. పదిహేనేళ్ల తర్వాత మాలో ఒకరికి ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వస్తే ఆ సంగతి ఏదో ఆసుపత్రి కేసుషీటులోకి ఎక్కుతుంది. ఈ రెండు కాగితాలూ కలుసుకునే దారి మాకెక్కడా కనబడలేదు. ఆ దారి వేయమని అడగడానికే ఈ ఉద్యమం.

రేడియేషన్‌కూ రక్తానికీ ఉన్న లంకె కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. రేడియేషన్ మీద పరిశోధించిన మేరీ క్యూరీ 1934లో ఎప్లాస్టిక్ ఎనీమియా అనే తీవ్రమైన రక్తహీనతతో పోయింది. ఆమె కూతురు ఐరీన్ 1956లో ల్యుకేమియాతో పోయింది. ఎముక మూలుగలో కణాలు రాత్రింబవళ్లు విభజన చెందుతూనే ఉంటాయి. అందుకే రేడియేషన్ దెబ్బ అక్కడ త్వరగా తగులుతుంది. తెగిన డీఎన్‌ఏ తప్పుగా అతుక్కుంటే, ఆ ఒక్క కణం సంతానమే ఏళ్ల తర్వాత జబ్బుగా బయటపడొచ్చు. అయితే ఆ తల్లీకూతుళ్లకు తగిలింది చాలా పెద్ద డోసు. మాకు తగిలేది ఏడాదికి కాస్త, మరుసటేడు ఇంకాస్త. అంత చిన్న డోసు మాటేమిటన్నది ఒక్క ఆసుపత్రిలో పదిమందిని చూస్తే తేలదు. లక్షలమందిని, దశాబ్దాల తరబడి చూడాలి.

అలా చూసినవాళ్లున్నారు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా అణు పరిశ్రమల్లో బ్యాడ్జి పెట్టుకుని పనిచేసిన 3,08,297 మందిని సగటున 27 ఏళ్లు వెంబడించిన ఇన్‌వర్క్స్ అధ్యయనం 2015లో వెలువడింది. వాళ్ల మూలుగకు ఏడాదికి సగటున తగిలింది సుమారు 1.1 మిల్లీగ్రే. అయినా డోసు పెరిగేకొద్దీ ల్యుకేమియా మరణాల ముప్పు పెరిగింది. వాళ్ల అంచనా ప్రకారం మొత్తం 100 మిల్లీగ్రే తగిలినవారికి ఆ ముప్పు దాదాపు 30 శాతం ఎక్కువ. తర్వాత మరిన్నేళ్లు వెంబడించి చూసినా అదే ధోరణి కనబడింది.

దీన్ని చూపించి ఎవరినీ భయపెట్టబోం. ల్యుకేమియా అరుదైన జబ్బు. అరుదైనదానికి 30 శాతం కలిసినా అది అరుదుగానే ఉంటుంది. వచ్చిన ప్రతి ల్యుకేమియా రేడియేషన్ వల్లేనని అనడం కూడా అబద్ధమే, ఎందుకంటే బెంజీన్ వల్లా వస్తుంది, ఏ కారణమూ దొరక్కుండానూ వస్తుంది. మన దేశంలో కార్మికుల డోసు పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. కానీ ఆ గీత లోపల ఉన్నావు కాబట్టి నీకేం కాదు అని మాతో ఎవరు చెప్పినా మేమిక ఒప్పుకోం. ఆ గీత పాలనకోసం గీసింది, అంతవరకు ప్రమాదం సున్నా అని దానర్థం కాదు.

కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బ్యాడ్జి పెట్టుకున్న ప్రతి కార్మికుడి డోసు రికార్డునూ క్యాన్సర్ రిజిస్ట్రీలతో, మరణ నమోదులతో జతచేసి అధ్యయనం జరగాలి. రిటైరైనవాళ్లను, మధ్యలో పని మానేసినవాళ్లను వదలకూడదు. జబ్బు బయటపడేది తరచు వాళ్లలోనే. మమ్మల్ని ఊళ్లోని మామూలు జనంతో పోల్చొద్దు. ఉద్యోగంలో చేరేముందే ఆరోగ్యవంతుల్ని ఏరుకుంటారు గనక, ఆ పోలికలో మేమెప్పుడూ గట్టివాళ్లలాగే కనిపిస్తాం. తక్కువ డోసు తగిలిన కార్మికుణ్ణి ఎక్కువ తగిలిన కార్మికుడితో పోల్చండి. పొగాకు, బెంజీన్ వివరాలూ రాసుకోండి. యాజమాన్యాల చేతిలో లేని శాస్త్రజ్ఞులు చేయాలి, ఫలితం ఏదొచ్చినా తెలుగులో మా ముందుంచాలి. ముప్పు లేదని తేలితే సంతోషంగా అందరికీ చెబుతాం.

పరిహారం ఇవ్వాల్సిన వృత్తిజబ్బుల చట్టబద్ధ జాబితాలో అయనీకరణ రేడియేషన్ జబ్బులకు చోటుంది. డోసు కాగితం చేతిలో లేని కాంట్రాక్టు కూలీకి ఆ చోటువల్ల ఒరిగేదేమిటి? సైటు మారినప్పుడల్లా, కాంట్రాక్టరు మారినప్పుడల్లా అతని లెక్క మళ్లీ సున్నానుంచి మొదలవకూడదు. ఒక మనిషికి ఒకే లెక్క, బతికినంతకాలం.

ఒక మాట మనలో మనం. రీడింగు ఎక్కువొస్తే పనిలోంచి తప్పిస్తారని బ్యాడ్జి డ్రాయర్లో వదిలి సోర్సు దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు. కడుపు మాడుతుందన్న భయం మాకు తెలియనిది కాదు. అందుకే డోసు ఎక్కువైనవారికి జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలన్నది కూడా మా డిమాండే. దానికోసం మేం పోరాడతాం. మీరు మాత్రం బ్యాడ్జి తీయకండి. తప్పుడు అంకెల మీద కట్టిన అధ్యయనం మనకే శత్రువవుతుంది.

ఈ నెలలోనే మీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరును అడిగి, చేరిన రోజునుంచి ఇప్పటిదాకా ఉన్న మీ డోసు రిపోర్టుల నకలు తీసుకోండి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితాలతో మాతో కలవండి.