‘సఖి’ చిత్రమును మరల చూచిన పిమ్మట

మన వారపత్రికయందు చలనచిత్రములను గూర్చి వ్రాయు వాడుక లేదు. సంఘ సమావేశముల నిర్ణయములు, పిల్లల తెలుగు తరగతుల వివరములు, బడి ప్రవేశముల సూచనలు, పెండ్లి పేరంటముల వార్తలు, వీనితోనే పుటలు నిండుచుండును. దుకాణము నడుపుకొను మావంటి వారికి సినిమాను గూర్చి వ్రాయు నర్హత యేమి కలదని పాఠకులు కొందరు ప్రశ్నింపవచ్చును. సమీక్ష వ్రాయుట మా యుద్దేశము కాదు. ఒకే చిత్రమును ఇరువది యేండ్ల ప్రాయమున ఒక విధముగను, నలువదియైదేండ్ల ప్రాయమున మరియొక విధముగను చూచితిమి. ఈ రెండు చూపుల నడుమ నున్న భేదము రానున్న ఆదివారము నాటి సర్వసభ్య సమావేశమునకు సంబంధించినదగుటచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2000వ సంవత్సరము ఏప్రిల్ నెలలో మణిరత్నము దర్శకత్వమున తమిళమున ‘అలైపాయుదే’ అను చిత్రము విడుదలయ్యెను. ఊత్తుక్కాడు వేంకటకవి రచించిన ప్రసిద్ధ కృష్ణ కీర్తన నుండి ఆ పేరు గైకొనబడినది. అదియే తెలుగు మాటలతో ‘సఖి’ యను పేర మనకు వచ్చెను. నాయకుడైన మాధవన్ జంషెడ్‌పూరులో పుట్టినవాడు. తమిళమునకు రాకపూర్వమే 1998లో ఒక కన్నడ చిత్రమున నటించి యుండెను. నాయిక శాలిని బాలనటిగా ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ నాటి నుండి మనకు పరిచితురాలే. నాయిక తల్లిగా మన జయసుధ నటించెను. సంగీతము రెహమాన్‌ది. తెలుగు పాటలు వేటూరి సుందరరామమూర్తిగారివి. ఇన్ని తావుల నుండి వచ్చినవారు కలిసి చేసిన తమిళ చిత్రమును, కర్ణాటకమున నివసించు తెలుగువారమైన మేము, హైదరాబాదులో చూచితిమి. ఇది పరభాషా చిత్రమను తలంపు ఆ నాడు మాలో నొక్కరికిని కలుగలేదు.

తండ్రిగారు సరుకుల కొనుగోలుకై మమ్ము హైదరాబాదు పంపగా, బేగంబజారులో పని ముగించుకొని, వెంటవచ్చిన మిత్రునితో ఆటకు పోయితిమి. నాయకుడు నాయికను ఎవరికిని తెలియకుండ గుడిలో వివాహమాడు ఘట్టమున మా మిత్రుడు లేచి నిలిచి ఈల వేసెను. వెనుక వరుసవారు కోపించిరి. మేమును ఆయనతోపాటు చప్పట్లు కొట్టితిమి. తిరుగు ప్రయాణమున, జహీరాబాదు దాటువరకును, ఆ జంట ధైర్యమును గూర్చియే మా సంభాషణ. ఇంటికి చేరిన పిమ్మట లెక్క తప్పినదని తండ్రిగారు మందలించినను ఆ మాటలు మా చెవికెక్కలేదు.

మా పెద్దలు తమ యౌవనమున మెచ్చిన ప్రేమకథలు వేరు. 1959లో శ్రీధర్ తీసిన ‘కల్యాణ పరిశు’ తమిళ చిత్రము, మరుసటి సంవత్సరమే అక్కినేని, కృష్ణకుమారులతో ‘పెళ్లి కానుక’ యను పేర తెలుగున వచ్చెను. రెండింటను నాయిక కన్నడ దేశపు ఆడపడుచైన బి. సరోజాదేవియే. ఆమె 2025 జూలైలో కాలధర్మము నొందెను. సంగీతము చిత్తూరు సీమకు చెందిన ఏ.ఎం. రాజాది. అక్కకొరకై చెల్లెలు తన ప్రేమను త్యజించు కథ అది. నాటివారికి ప్రేమ యనగా విడిచిపెట్టుట. మా తరము వారికి ప్రేమ యనగా పట్టుదలతో పెండ్లి చేసికొనుట. ‘సఖి’ చిత్రమునందలి విశేషమేమన, కథ పెండ్లితో ముగియదు, పెండ్లితో మొదలగును. అద్దె ఇంటిలో కాపురము, పనుల అలసట, మాటకు మాట, అలుకలు, అనుమానములు, ఇవియే దాని అసలు వస్తువు. ఇరువది యేండ్ల ప్రాయమున మేము ఆ భాగమును సరిగా చూడనేలేదు.

ఇటీవల ఒక రాత్రి ఇంట పిల్లలతో కూడి ఆ చిత్రమును మరల చూచితిమి. ఈ పర్యాయము మా కన్నులు జంటపై నిలువలేదు. రైల్వే ఉద్యోగియైన నాయిక తండ్రిపై నిలిచెను. వియ్యమునకై వచ్చిన ప్లీడరుగారు తన సంపదను ఎత్తిచూపగా ఆ తండ్రి ముఖము చిన్నవోవుట చూచితిమి. రహస్య వివాహము బయటపడగా పెద్ద కుమార్తె సంబంధము చెడుట చూచితిమి. కుమార్తెను గడప దాటించి తలుపు మూసికొన్న ఆ తండ్రి వ్యాధిగ్రస్తుడగును. ఆమె పుట్టింటికి చేరునప్పటికి ఆయన లేడు. క్షమించుటకు ఆయనకును, క్షమింపుమని యడుగుటకు ఆమెకును అవకాశము మిగులలేదు. మొదటిసారి ఆ ఘట్టము మాకు జ్ఞాపకముండకపోవుట చూచి సిగ్గుపడితిమి.

ఇక అసలు విషయము. మన సంఘ సభ్యుడొకని కుమార్తె, కన్నడము మాతృభాషగా గల బీదరు యువకుని రిజిస్ట్రారు ఎదుట వివాహమాడిన సంగతి పాఠకులలో చాలమందికి తెలియును. పేర్లు వ్రాయము. నౌబాదు చిన్న తావు. తెలిసినవారికి తెలిసియే యున్నది, తెలియనివారికి తెలియనక్కరలేదు. ఆ తండ్రి నాడు హైదరాబాదులో ఈల వేసిన మా మిత్రుడే. నేడు ఆయన కుమార్తెతో మాటలాడుట లేదు. ఆ అమ్మాయి మన ఆదివారపు తరగతిలో పిల్లలకు అక్షరములు నేర్పుచున్నది. ఆమెను తరగతి నుండి తొలగింపవలెనని ఒక తీర్మానమును, అన్యభాషీయులతో వియ్యమందిన కుటుంబములను సంఘపు ఉత్సవములకు పిలువరాదని మరియొక తీర్మానమును సమావేశము ముందుకు రానున్నవి.

ఈ విషయమున మా తప్పును మేమే ముందుగా చెప్పుకొనవలయును. వివాహమునకు పూర్వమే ఆ అమ్మాయి మా దుకాణమునకు వచ్చి, “కాకా, నాయినకు మీరొక్క మాట చెప్పరాదా?” అని యడిగెను. పండుగ బేరములు ముగియనిమ్మని చెప్పి పంపితిమి. పండుగ పోయెను, పిమ్మట పెండ్లిండ్ల బేరము వచ్చెను. నిజమునకు అడ్డుపడినది బేరము కాదు; నలుగురు మమ్మేమందురో యను జంకు. తుదకు ఆ తండ్రి తన కుమార్తె వివాహవార్తను బజారులో పరుల నోట వినెను. పెద్దలు సమయమునకు నోరు విప్పకపోవుట యెట్టి కీడు తెచ్చునో సినిమా చూచి నేర్వనక్కరలేదు, మా నడవడి చాలును.

తీర్మానములు తెచ్చినవారు మాకు శత్రువులు కారు. వారి భయము ఉత్తది కాదు. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. ఆడపిల్లలు అన్యభాషల యిండ్లకు పోయినచో మరుసటి తరమునకు ఆ మాటయు నిలువదని వారి వాదము. దానిని త్రోసిపుచ్చుట లేదు. కాని ఒక్క ప్రశ్న అడుగుచున్నాము. మన యిండ్లలో తెలుగు చదువు క్షీణించినది ఈ వివాహము వలననా? మా దుకాణపు చిట్టాను మా తండ్రిగారు తెలుగున వ్రాసెడివారు. మేము యంత్రముతో ఇంగ్లీషున వ్రాయుచున్నాము. మా కుమారుడు తెలుగు చిత్రమునైనను హిందీ మాటలతో చూచుచున్నాడు. ఇరుప్రక్కలను తెలుగే మాతృభాషయైన యిల్లు మాది. మరి మా యింట తెలుగును బయటికి పంపినదెవరు? పిల్లలకు ‘అ ఆ’లు నేర్పుటకు ప్రతి ఆదివారము సమయము వెచ్చించుచున్న ఆ యమ్మాయిని తొలగించి మనము కాపాడుకొను భాష యేది?

మరియొక మాట. 1956 నవంబరు 1వ తేదీ వరకును బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ నాడు జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆంధ్రప్రదేశమునకును, ఉదగీరు, నీలంగా, అహమ్మదుపూరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును పోయెను. బీదరు మైసూరు రాష్ట్రమున కలిసెను. 1973లో ఆ రాష్ట్రమునకే కర్ణాటకమని పేరు వచ్చెను. సరిహద్దు గీత కదలినది గాని మనుష్యులు ఉన్నచోటనే యుండిరి. ఆ ఒక్క దినమున మనము అల్పసంఖ్యాకులమైతిమి. నాటి నుండి మనము అడుగుచున్నదేమి? మా భాషకు ఇచట చోటీయుడనియే గదా. ఆ సంవత్సరమే రాజ్యాంగమున 350ఏ అధికరణము చేరి, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పింపుడని రాష్ట్రములకు చెప్పినది. దానిని చూపియే మనము అర్జీలు వ్రాయుచున్నాము. పొరుగువారిని మన భాషకు చోటడుగు మనము, మన బిడ్డ ఇంటికి తెచ్చిన కన్నడమునకు గడపవద్ద చోటీయకుండుట న్యాయమా? ఒక్క గంటలో తెలుగు, కన్నడము, మరాఠి, ఉరుదూ నాలుగింటను బేరమాడు మనము, బేరమునకు పనికివచ్చిన భాష బంధుత్వమునకు పనికిరాదనుట యెట్లు?

చట్టము సంగతియు చెప్పవలయును. యుక్తవయస్కులైన ఇరువురు పరస్పర సమ్మతితో చేసికొను వివాహమునకు కుటుంబముయొక్క గాని, సంఘముయొక్క గాని యనుమతి యక్కరలేదనియు, అట్టి వివాహమును అడ్డగించుటకు సభలు కూర్చుట చట్టవిరుద్ధమనియు సుప్రీము కోర్టు 2018 మార్చి 27వ తేదీన తీర్పు చెప్పినది. ఆ తీర్పు ‘శక్తి వాహిని’ యను సంస్థ వేసిన దావాలోనిది. ‘సఖి’ నాయిక పేరును శక్తియే. అది కాకతాళీయమే యైనను మాకు మరపురాకున్నది. అయితే చట్టమునకు జడిసి మాత్రమే ఈ తీర్మానములను విడిచిపెట్టినచో మన గౌరవమేమి? తప్పని తెలిసికొని విడువవలయును.

యువకులకును ఒక మాట చెప్పక తప్పదు. ‘సఖి’లో రహస్యమును మెచ్చుకొనవలదు. దానికి అక్క సంబంధమును, తండ్రి మనశ్శాంతియు మూల్యములైనవి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే 30 దినముల ముందుగా నోటీసు నీయవలెననుచున్నది. ఆ నోటీసు గోడకెక్కుటకు ముందు ఇంటివారి చెవిని వేయుట ధర్మము. ఒక పెద్ద వెనుదీసినచో మరియొక పెద్దను ఆశ్రయింపుడు. మావలె వెనుదీయనివారును ఈ యూర కలరు.

ఆ చిత్రమున మాకు నచ్చనిదొకటి కలదు. భార్య కారు ప్రమాదమునకు గురియై ఆసుపత్రిలో పడినపుడుగాని భర్తకు ఆమె విలువ తేటపడదు. సినిమాలో ప్రమాదము సమయమునకు వచ్చి బుద్ధి చెప్పి పోవును. సంసారములలో అట్లు జరుగదు. ఆపద వచ్చినచో అది పాఠము చెప్పుటకు రాదు, తీసికొనిపోవుటకే వచ్చును. కావున బుద్ధి ముందే రావలయును.

మొన్న సాయంకాలము నౌబాదు కరేజు వైపు మిత్రునితో నడచుచు ఈ వ్యాసము వ్రాయుదునని చెప్పితిమి. ఆయన చాల సేపు పలుకలేదు. తుదకు, “రాసుకో. నా మనసు మాత్రం మారదు” అనెను. హైదరాబాదు ఆటను జ్ఞాపకము చేసితిమి. “అప్పుడు మనకు బిడ్డలు లేరు గదా” అనెను. ఆ మాటకు మాయొద్ద సమాధానము లేకపోయెను. ఇంటికి వచ్చిన పిమ్మట తోచినది: బిడ్డలు లేనపుడు ఈల వేయుటకు ధైర్యమక్కరలేదు. బిడ్డలు గలిగిన పిమ్మట తలుపు తీయుటకే ధైర్యము కావలయును.

ఆదివారము నాడు రెండు తీర్మానములకును వ్యతిరేకముగా మేము చేయి యెత్తుదుము. అధ్యక్ష స్థానమున నుండి కాదు. ఆ దినము సభను మరియొకరు నడుపవలసినదిగా కోరియున్నాము. తీర్మానములు నెగ్గినచో సంఘ నిర్ణయమును పత్రికలో ప్రకటింతుము గాని ఆ యమ్మాయి చేతి నుండి సుద్దముక్క తీసికొను పని మాచేత కాదు. మా యభిప్రాయముతో ఏకీభవింపనివారు వ్రాసిన యెడల ఇంతే చోటున అచ్చువేయుదుము. సభ్యులెల్లరు తప్పక రావలయును. మా మిత్రుడును వచ్చునని ఆశించుచున్నాము. తరగతి ఉదయముననే జరుగును. ఆయన ఒక్క గడియ ముందుగా వచ్చినచో కుమార్తె కంఠము గోడ యావలినుండి యైనను వినవచ్చును.