ఎఱ్ఱసిరాకు ముందు

2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. ఇంట కోయ, ఊర తెలుగు, పుస్తకమున ఆంగ్లము గల భద్రాచలము అడవి అంచున ఈ భారము ఇనుమడించినది.

"ఈరోజే" అనుటలోని ఏకారమే "టుడే ఓన్లీ" యైనది; తలస్నానము "హెడ్ బాత్", తోడల్లుడు "కో-బ్రదర్" అయినవి. ఇవి అజ్ఞానము కావు. ఇంటిభాష వ్యాకరణము పరభాషలో వేసిన అడుగుజాడలు. తోడల్లునికి ఆంగ్లమున ప్రత్యేక పదము లేదు గనుక ఆ మాట లోటు తీర్చినది. "టుడే ఓన్లీ"కి మాత్రము పరీక్షలో మన్నన దొరకదు.

కోయ గోండీకి దగ్గరి ద్రావిడభాష. తెలుగువలె దానియందును క్రియ వాక్యాంతమున నిలుచును. ఆ బాలుడు రెండేరులు దాటవలెను.

సాధ్యమైనచోట ఐదవ తరగతి వరకైన ఇంటిభాషలో బోధింపుడని 2020 జాతీయ విద్యావిధానము చెప్పినది. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరా దిద్దుటకు ముందు బాలునిచే మూలవాక్యమును పలికించి, రెంటిని నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసినచో, ఆ తప్పే పాఠమగును.