బాధ్యతకు పది సెకన్లు

మన ఊళ్లలో రోడ్డు దాటే మనిషి అరచెయ్యి ఎత్తి, వచ్చే బండ్లను ఆపుతూ అడుగేస్తాడు. అది చూస్తూ కూడా పాదచారులకు బాధ్యత లేదనే వాళ్లతోనే నా పేచీ. సరే, బాధ్యతే అడుగుదాం, కానీ లెక్క కట్టి అడుగుదాం. డివైడర్ దాకా 10 మీటర్లనుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సెకనుకు మీటరు చొప్పున నడిస్తే 10 సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆలోపు 160 మీటర్లకు పైగా దూసుకొచ్చేస్తుంది. అంటే అంత దూరాన ఉన్న కారును ఆవిడ శుక్లాల కళ్లతో చూడాలి, దాని వేగం అంచనా వేయాలి, పక్కనుంచి దూరే బైకులనూ, ఎదురొచ్చే రాంగ్‌రూటు ఆటోనూ లెక్కలో వేసుకోవాలి. బండి నడిపే కుర్రాడికి లైసెన్సు ఇచ్చేటప్పుడు కూడా ఇంత పరీక్ష పెట్టరు! (ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కొచ్చుగా అనేవాళ్లు ముందు సంచి మోసుకుంటూ ఆ మెట్లెక్కి చూడండి.) అదే వేగం 30 అయితే ఆవిడ చూడాల్సిన దూరం సగమవుతుంది, గుద్దే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే, నడిచేవాళ్లు జాగ్రత్తగా ఉండాలని గట్టిగా అనేవాళ్లే వేగం తగ్గించమని అందరికంటే ముందు అడగాలి. వ్యవధి ఇవ్వకుండా జాగ్రత్త కోరడం దబాయింపే. కానీ 2018లో కేంద్రం పట్టణ రోడ్లపై కార్లకు ఇచ్చిన గరిష్ఠ వేగ పరిమితి గంటకు 70 కిలోమీటర్లు. ఇక 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది.