పీహెచ్‌డీ మనకెందుకు అనకండి



పెద్దయ్యాక ఏమవుతవు అని అడిగితే మన హాస్టల్‌లో టీచర్, నర్సు, పోలీసు అని చెప్తరు. అవి మంచివే. కానీ పీహెచ్‌డీ చేస్త అని ఎవ్వరూ అనరు. మన మీర్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ పోతే ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. గ్రూప్స్, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ అని ఉంటయి. పీహెచ్‌డీ అంటే డబ్బున్నోళ్ల చదువు అని మనం అనుకుంటున్నం. అది నిజం కాదని నా అభిప్రాయం.

కేంద్ర గిరిజన శాఖ ఏటా 750 మంది ఎస్టీ విద్యార్థులకు ఫెలోషిప్ ఇస్తది. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు నెలకు 42,000 రూపాయలు. నేను లెక్క వేసిన. ఐదేళ్లకు 24 లక్షలు! అంటే చదువుకు మనం కట్టుడు కాదు, చదివినందుకు మనకే ఇస్తరు.

ఎందుకు చదవాలె అంటరా? వియన్నాలో పుట్టిన హైమండార్ఫ్ దొర 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి పుస్తకాలు రాసిండు. మంచి పనే. కానీ ఎంతకాలం మన గురించి వేరేవాళ్లు రాయాలె? కోయ బిడ్డ సీతక్క గారు గొత్తికోయల కష్టాల మీద పరిశోధన చేసి 2022లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకున్నరు. అప్పటికే ఆమె ఎమ్మెల్యే. అయినా చదువు ఆపలేదు.

అయితే ఒక చిక్కు ఉంది. ముందు పీహెచ్‌డీ సీటు రావాలె, తర్వాతనే ఈ ఫెలోషిప్‌కు దరఖాస్తు. సీటు కోసం పీజీ మంచి మార్కులతో పాస్ కావాలె. నెట్ పరీక్షో, యూనివర్సిటీ ఎంట్రన్సో రాయాలె. తర్వాత ఇంటర్వ్యూ. అప్లికేషన్ ఫీజులు, బస్సు చార్జీలు, పట్నంలో ఉండే ఖర్చు అన్నీ ఫెలోషిప్ రాకముందే వస్తయి. వచ్చినాక కూడా డబ్బు నెలల తరబడి ఆలస్యమైతుందని పరిశోధక విద్యార్థులు చాలాసార్లు ధర్నాలు చేసిండ్రు. కూలి చేసుకునే అమ్మానాన్నలు అంతదాకా ఎట్లా ఆగుతరు? ‘ఇంక చాలు, పెళ్లి చేస్తం’ అంటరు. కాబట్టి సీటు రాకముందు ఖర్చుకు కూడా సర్కారు సాయం చేయాలె. ఫెలోషిప్ ఉద్యోగుల జీతం లెక్క నెలనెలా పడాలె.

మన హాస్టల్‌లో చేయగలిగింది కూడా ఉంది. పదో తరగతి మెమోలో పడిన పేరే చివరిదాకా నడుస్తది. మనలో చాలామందికి ఆధార్‌లో ఒక పేరు, రిజిస్టర్‌లో ఒక పేరు ఉంది. వచ్చే ఏడు మన పేర్లు బోర్డుకు పోతయి. అంతకుముందే సరిచేయించాలె. కుల సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ ఒక్కో అమ్మాయికి ఒక్కో ఫైలులో పెట్టాలె. వార్డెన్ మేడంగారూ, పీహెచ్‌డీ చేస్తున్న ఒక ఎస్టీ అక్కను ఒక ఆదివారం పిలిపించండి. ఎట్లా దరఖాస్తు చేసిందో ఆమె నోటితోనే వింటం.

ఆ 750 పేర్లల్ల మన హాస్టల్ పేరు ఎందుకు ఉండొద్దు? అందరూ ఆలోచించండి.

— 9వ తరగతి విద్యార్థిని