స్టాలు దుడ్డు ఇప్పుడే కట్టొద్దు! కొనేవాడెవడో ముందు అడగండి!

కాకలూరు ఎస్టేటు షెడ్లలో లేతు తిప్పే అన్నలారా! పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, ఆర్కేపేటల్లో మరమగ్గాలు నడిపే అన్నలారా, అక్కలారా!

మీ ఫోనుకూ వచ్చింది కదా ఆ మెసేజి? "విదేశీ ప్రభుత్వాల బయ్యర్లతో ముఖాముఖి! అక్కడికక్కడే ఆర్డర్లు! కొన్ని స్టాళ్లే మిగిలాయి!" నాకూ వచ్చింది. నమ్మాను. కట్టాను.

పోయినేడు మా ఇంటిదాని గాజులు సేటు అంగడికి పోయాయి. లక్షా ఇరవై వేలు! చెన్నైలో పెద్ద హోటలు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద నా దుప్పట్లు. గంట కొడితే ఒకాయన వస్తాడు. పది నిమిషాలకు మళ్లీ గంట, ఇంకొకాయన. మూడో ఆయన సూటేసుకొని వచ్చాడు. దుప్పటి అంచు రెండు వేళ్లతో నలిపి చూశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన సంచిలోంచి కేటలాగు తీశాడు. కుట్టు మిషన్లు! కొనడానికి కాదు, నాకే అమ్మడానికి వచ్చాడు! ఆ రోజు పదకొండు మందిని కలిశాను. సర్కారు తరఫున కొనే మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు. శాంపిళ్ల మూట ఒళ్లో పెట్టుకొని రాత్రి రైల్లో తిరుత్తణి చేరాను. ఇంట్లో ఏం చెప్పేది?

నూలుకు దుడ్డు లేక ఆ నెల రెండు మగ్గాలు ఆగాయి. కండెలు చుట్టే అక్కకు కూలి పోయింది. స్టాలు అమ్మినవాడికి ఏం పోయింది?

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. ఏ దేశమైనా సర్కారు దుడ్డుతో కొనే అధికారి హోటలు హాల్లో ఆర్డరు చేతిలో పెట్టడు. పెట్టకూడదు! ఆయనకు టెండరుంది, రూలుంది, ఆడిటుంది. మనల్ని కలిసినా ఆయన చేయగలిగింది ఒకటే: ఏం కొంటారో, ఏ కొలతకు కొంటారో, పేరెక్కడ నమోదు చేసుకోవాలో చెప్పడం. అదీ మనకు బంగారమే. కానీ "అక్కడికక్కడే ఆర్డరు" అన్నవాడి మాట అబద్ధం!

ఐక్యరాజ్యసమితి సంస్థలకు సరుకు అమ్మాలంటే యూఎన్ గ్లోబల్ మార్కెట్‌ప్లేస్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దానికి ఫీజు లేదు. టెండరులో పాల్గొనడానికి తాము ఎవరి దగ్గరా దుడ్డు తీసుకోమని ఆ సంస్థలే హెచ్చరిస్తున్నాయి. మరి "యూఎన్ రిజిస్ట్రేషన్ ఫీజు" అని మన దగ్గర వసూలు చేసేదెవరు?

మన చేతికి సత్తా లేదా? బోరింగు కొట్టని ఊరుందా మన దిక్కున? ఆ బోరింగు, ఇండియా మార్క్ 2 పంపు, 1970ల చివర మన మద్రాసులోనే, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీలో తయారైంది. వెనక యూనిసెఫ్ ఉంది. అదే పంపు ఆఫ్రికా పల్లెలకూ పోయింది. దాన్ని ఏ హోటలు బల్లా ఆఫ్రికాకు చేర్చలేదు. ఫలానా కొలతలో, ఫలానా గట్టితనంతో కావాలని ముందే రాసిపెట్టి, పరీక్షించి కొన్న సంస్థ ఉండింది. కొనేవాడు ముందు, బల్ల తర్వాత!

కాబట్టి బ్రోషర్ వస్తే వెనక్కి తిప్పి చదవండి. వచ్చే అధికారి పేరేది? ఏ శాఖ? ఈ ఏడు వాళ్లు పిలవబోయే టెండర్లేవి? మన సరుకు వాళ్లు కొంటారా? లుంగీ నేసేవాడిని ఆస్పత్రి దుప్పట్ల టెండరుకు పిలిస్తే అచ్చు మార్చాలి, వెడల్పు మార్చాలి. ఆ ఖర్చెవరిది? అపాయింట్‌మెంటు వారం ముందే రాతలో ఇస్తారా? జవాబు రాకుంటే పైసా కట్టొద్దు!

ఇంకోటి. ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నా. ప్రపంచ వాణిజ్య సంస్థలో సర్కారు కొనుగోళ్ల ఒప్పందం ఒకటుంది. అందులో మన దేశం సభ్యురాలు కాదు, 2010 నుంచి పరిశీలకురాలు మాత్రమే. అందుకని చాలా దేశాల టెండర్లలో మనకు హక్కుగా చోటు లేదు. యూఏఈతో 2022లో అమల్లోకి వచ్చిన ఒప్పందంలో సర్కారు కొనుగోళ్ల అధ్యాయం ఉంది. బ్రిటన్‌తో 2025 జూలైలో సంతకమైన ఒప్పందంలోనూ ఉంది. అవీ పరిమితులతోనే. "యూరప్ మున్సిపాలిటీల టెండర్లు" అని ఊరిస్తే, ఇండియా సరుకును అందులోకి రానిస్తారా అని నిలదీయండి!

టెండరుకు ఆరు మగ్గాలవాడు ఒక్కడే పోతే ఏం చూపిస్తాడు? మూడేళ్ల ఆడిట్ లెక్క అడుగుతారు, టర్నోవర్ అడుగుతారు, బ్యాంకు గ్యారంటీ అడుగుతారు. ఇరవై మంది కలిసి పోతే చూపించడానికి లెక్క ఉంటుంది. విదేశీ మేళాలకు పోవడానికీ కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ సాయం ఉంది. విమానం టికెట్టులో, స్టాలు అద్దెలో కొంత తిరిగిచ్చే పథకం వాళ్లదే. గిండీలో వాళ్ల ఆఫీసుంది. మన పన్నుతో నడిచే తలుపులు వదిలేసి సేటు అంగడి తలుపు ఎందుకు తట్టాలి?

అసలు మనమెందుకు పోవాలి? కొనేవాళ్లనే ఇక్కడికి రప్పించమందాం! రివర్స్ బయ్యర్-సెల్లర్ మీట్ అంటే అదే. హోటల్లో వద్దు. తిరుత్తణిలో, మగ్గం చప్పుడు వినబడేంత దగ్గర్లో పెట్టమందాం. వివరాలు తమిళంలో, తెలుగులో చెప్పమందాం. ఇంగ్లీషు కాగితం మీద గుడ్డిగా సంతకాలు పెట్టింది చాలు!

ఈ సోమవారం పొద్దున పది గంటలకు తిరువళ్ళూరు జిల్లా పరిశ్రమల కేంద్రం ముందు కలుద్దాం. అర్జీ మేం రాసి తెస్తాం. చదివి సంతకం పెట్టండి. మీ ఫోనుకొచ్చిన మెసేజీ, బ్రోషర్, స్టాలుకు కట్టిన రసీదు, ఏదుంటే అది పట్టుకు రండి. పక్క షెడ్డు తమ్ముణ్ణి కూడా తోడు తెండి. వాడు రేపే కట్టబోతున్నాడేమో!

— మీలాంటి చిన్న యూనిట్లవాళ్లం, తిరువళ్ళూరు, తిరుత్తణి