చదువుకొన్నవానికి కావలి యెవరు?

విదేశమున కొలువు దొరకుట వేఱు. ఆ దేశమున పనిచేయుటకు హక్కు దొరకుట వేఱు. మొదటిది యజమాని యిచ్చెడు మాట. రెండవది ఆ రాజ్యము ఒసగెడు అనుమతి. ఈ భేదము నెఱుంగక, నియామకపు ఉత్తరమొకటి చేతబట్టుకొని విమానమెక్కిన ఉపాధ్యాయులు, నెలయో రెండు నెలలో పాఠములు చెప్పిన పిమ్మట, తమ పాస్‌పోర్టుపై నున్నది సందర్శకుని వీసాయే గాని పనివాని వీసా కాదని తెలిసికొని దిక్కుతోచక నిలుచుచున్నారు. దీనిని వారి అజాగ్రత్తయని తీసివేయువారు కలరు. ఆ మాట సగము మాత్రమే నిజము. తక్కిన సగము మన చట్టములో నున్నది.

మన ఉపాధ్యాయుడు ఊరు విడుచుటకు కారణము దురాశ కాదు. ప్రతిదినము ఉదయమున ధర్మసాగర్ నుండి హనుమకొండ, కాజీపేటల ప్రైవేటు బడులకు బస్సులలో పోవు పంతుళ్లను అడుగుడు. 2020లో మహమ్మారి వలన బడులు మూతపడినపుడు జీతములు నిలిచిపోయి ఎందఱో కూలిపనులకు దిగిరి. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు రెండువేల రూపాయలును, 25 కిలోల బియ్యమును ప్రకటింపవలసి వచ్చెను. ఆ సాయము మంచిదే. కాని పట్టము పుచ్చుకొని, బి.ఎడ్. చదివి, పిల్లలకు అక్షరము నేర్పువాడు చౌకదుకాణపు బియ్యమునకై వరుసలో నిలువవలసిన స్థితి ఎట్టిదో ఆలోచింపుడు. అట్టివానికి గల్ఫులో కొలువున్నదని ఎవరైన చెప్పినచో చెవియొగ్గుట తప్పా?

ఈ వ్యవహారము నడచు తీరు దాదాపు ఒక్కటే. ఎక్కడనో ఒక బడిలో ఉపాధ్యాయిని ప్రసవమునకై సెలవు పెట్టును, లేక విద్యాసంవత్సరము నడుమ ఒకరు మానివేయుదురు. ఖాళీ మూడు నాలుగు నెలలది. అంత స్వల్పకాలమునకు పని అనుమతి తెప్పించుటకు అయ్యెడు ఖర్చును శ్రమను బడివారు మిగుల్చుకొనజూతురు. అపుడు ఏజెంటు ప్రవేశించును. “సందర్శకుని వీసాపై రండు, చేరిన నెలలో మార్చెదము” అనును. లోపలనే వీసా మార్చుకొనుటకు కొన్ని దేశములు వీలు కల్పించిన మాట సత్యమే. దుబాయి మొదలగు ఎమిరేట్లలో ఉద్యోగము వెదకికొనుటకే ప్రత్యేకమైన సందర్శక వీసా 2022 నుండి కలదు. కాని వెదకుట వేఱు, తరగతిలో నిలిచి బోధించుట వేఱు. పని అనుమతి చేతికి రానిదే అక్కడ సుద్దముక్క పట్టుకొనరాదు.

పట్టుకొన్నవాని గతి యేమి? ఒప్పందము ఆ దేశపు కార్మికశాఖలో నమోదు కాలేదు గనుక జీతము ఎగవేసినను నిలదీయుటకు ఆధారము బలహీనము. గడువు మీఱినచో ఎమిరేట్లలో దినమునకు 50 దిర్హములు జరిమానా. నెల గడచిన 1,500 దిర్హములు. అనుమతి లేక పని చేయించుకొన్న యజమానికి లక్ష నుండి పది లక్షల దిర్హముల వఱకు జరిమానా విధించు శాసనమును ఆ దేశము 2024లో చేసినది. శాసనము ఘనమైనదే. కాని ఫిర్యాదు చేయవలసినవాడు ఎవడు? అనుమతి లేక పనిచేసిన ఉపాధ్యాయుడే. ఆతని ఫిర్యాదు ఆతని నేరాంగీకారముగ గూడ పనిచేయును. అందుచేతనే ఆతడు నోరు మెదపడు. ఆ మౌనమే ఏజెంటునకు పెట్టుబడి.

ఇక మన యింటి సంగతి. కూలిపనికై సముద్రములు దాటుట తెలుగువారికి క్రొత్త గాదు. 1860లో మద్రాసు నుండి బయలుదేరి నవంబరులో దర్బను చేరిన ట్రూరో నావలో తెలుగు కూలీలును ఉండిరి. ఆ ఒడంబడిక కూలితనమును తుదముట్టింపవలెనని గోఖలే 1912లో శాసనసభయందు తీర్మానము తెచ్చెను. 1917లో ఆ కూలీల సేకరణ నిలిచెను. ఆ చరిత్రనుండి పుట్టినదే వలసపోవువానిని రాజ్యము కాపాడవలెనను సూత్రము. 1922 నాటి చట్టమును త్రోసి వచ్చిన 1983 ఎమిగ్రేషన్ చట్టమునకు మూలము అదియే.

ఆ చట్టము రెండవ సెక్షనులో “పని” యను మాటకు అర్థము చెప్పియున్నారు. నైపుణ్యము లేని కూలిపని, ఇంటి చాకిరి, హోటలు పని, వాహనము నడుపుట, మెకానిక్కు పని, టైపిస్టు, గుమాస్తా, లెక్కలవాడు, అమ్మకపువాడు, నర్సు, సినిమా ప్రదర్శనల పని, ఇవి అందు పేర్కొనబడినవి. ఉపాధ్యాయుని పేరు అందు లేదు. అంతియ కాదు. పదవ తరగతి ఉత్తీర్ణుడైనవానికి వలస తనిఖీ అక్కఱలేని పాస్‌పోర్టు వచ్చును. పదవ తరగతి తప్పిన కూలి గల్ఫు మొదలగు పదునెనిమిది దేశములకు పనికి పోవలెనన్న, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ వారి అనుమతి కావలెను; పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. పట్టభద్రునకు ఈ రెండును లేవు. ఆతని ఒప్పందమును చూచువాడు లేడు. వీసా యే రకముదని విమానాశ్రయమున హెచ్చరించువాడు లేడు. చదువుకొన్నవాడు తన్ను తాను కాపాడుకొనగలడని చట్టకర్తలు తలంచిరి కాబోలు. నాటి కూలి వ్రేలిముద్ర వేసిన కాగితములోని భాష ఆతనికి తెలియదు. నేటి ఉపాధ్యాయునకు భాష తెలియును. కాని పరదేశపు శాసనము తెలియదు. అక్షరజ్ఞానము వేఱు, న్యాయజ్ఞానము వేఱు.

2018 నవంబరులో కేంద్ర విదేశాంగశాఖవారు ఈ లోపమును కొంత పూడ్పజూచిరి. తనిఖీ అక్కఱలేని పాస్‌పోర్టువారును ఆ పదునెనిమిది దేశములకు ఉద్యోగమునకై పోవునపుడు ఇ-మైగ్రేట్‌లో నమోదు కావలెననియు, 2019 జనవరి 1 నుండి నమోదు కానివారిని విమానమునుండి దింపివేయుదుమనియు ప్రకటించిరి. చదువరుల వర్గమున గొప్ప అలజడి పుట్టెను. ఆ నెల తిరుగక మునుపే ప్రభుత్వము ఆ ఆజ్ఞను నిలిపివేసెను. దింపివేయుదుమనుట తప్పే. పౌరుని ప్రయాణమునకు పోలీసు కాపలా పెట్టుట రక్షణము కాదు. కాని ఆ తప్పుతో పాటు నమోదు అను మేలునుగూడ పాఱవైచుట, నీళ్లు మురికియైనవని కుండను పగులగొట్టుట వంటిది.

ఉపాధ్యాయులకు చట్టము అండనిలిచినచో ఏమగునో అమెరికాలో చూచితిమి. మేరీలాండు రాష్ట్రపు ప్రిన్స్ జార్జెస్ కౌంటీ పాఠశాలలవారు పరదేశ ఉపాధ్యాయులచేతనే వీసా రుసుములు కట్టించిరని కార్మికశాఖ తేల్చెను. 2011లో 1,044 మందికి 42 లక్షల డాలర్లు తిరిగి యిప్పించెను. లూసియానాలో ఏజెంటు పీల్చివేసిన ఫిలిప్పీను ఉపాధ్యాయులు దాదాపు 350 మంది, ఉపాధ్యాయ సంఘపు తోడ్పాటుతో వ్యాజ్యము నడపి, 2012లో జూరీచేత 45 లక్షల డాలర్ల తీర్పు పొందిరి. వీరందఱును సక్రమమైన పని వీసాపై వెళ్లినవారు గనుకనే న్యాయస్థానమున తలయెత్తి నిలువగలిగిరి. అయినను మేరీలాండులో ఆ పాఠశాలలకు రెండేండ్లపాటు క్రొత్త వీసాలు నిషేధింపబడుటచే, మోసపోయిన ఉపాధ్యాయులలోనే పలువురు కొలువులు పోగొట్టుకొనిరి. సరియైన వీసా కలవానికే ఇంత చిక్కున్నచో, లేనివాని మాట చెప్పవలెనా?

కావున ప్రభుత్వమును మనము కోరవలసినవి మూడు. వలస చట్టమునకు బదులుగా 2019, 2021, 2025 సంవత్సరములలో ముసాయిదాలు వెలువడినవి. ఏ రూపమున చట్టము నిలిచినను అందు ఉపాధ్యాయుని పేరు స్పష్టముగ నుండవలెను. నమోదు అందఱకును ఉండవలెను. కాని నమోదు లేదని ప్రయాణము నాపరాదు. తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ విదేశపు బడులలోని తాత్కాలిక ఖాళీలను గూడ తన చేతిమీదుగ పరిశీలించి ప్రకటింపవలెను.

మనము చేసికొనవలసినదియు కలదు. పోవుటకు ముందు వీసా కాగితమును చదువుడు: అది యే రకముది, ఎవరి పూచీపై వచ్చినది, అందు వ్రాసిన ఉద్యోగమేది? ఏజెంటు పేరు ఇ-మైగ్రేట్ పట్టికలో నున్నదో లేదో చూడుడు. నమోదైన ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. లక్షలడుగువాడు ఆ మాటతోనే తన్ను తాను బయటపెట్టుకొనుచున్నాడు. మోసపోయినవారు సిగ్గుపడి ఇంట కూర్చుండరాదు. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను క్రింద, వంచించి సొమ్ము గుంజినవానికి ఏడేండ్ల వఱకు శిక్ష కలదు.

హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు, చదువే ప్రజలకు కవచమని నమ్మిరి. ఆ నమ్మకము నిజము కావలెనన్న, మన పఠనాలయములలో పత్రికల ప్రక్కనే ఈ చట్టపు సారము తెలుగులో వ్రాసి పెట్టవలెను. వారమునకొక సాయంకాలము న్యాయవాది యొకడు కూర్చుండి, పోవువారి కాగితములను ఉచితముగ చూచిపెట్టవలెను. న్యాయవాద సోదరులారా, ఇందుకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱలేదు. మన పిల్లలకు అక్షరము నేర్పినవాడు పరదేశమున దొంగవలె దాగియుండుట మనకందఱకును తలవంపు. ఆ తలవంపును మాన్పుటకు రాబోవు వారముననే పూనుకొందము.