పేపరు వెనకాల పెద్దమనిషి ఎవరు?

తెనాలి మార్కెట్లో వంకాయలు కొనేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో చూడండి. ఒక్కొక్కటీ తిప్పి చూస్తాం. పుచ్చుందా, ముచ్చిక పచ్చగా ఉందా అని పరీక్షిస్తాం. పాలు కాస్త పల్చబడితే పాలబ్బాయిని ఆ రోజే నిలదీస్తాం. బియ్యం బస్తా వస్తే గుప్పెడు అరచేతిలో పోసుకుని నూకలెన్నో, రాళ్లెన్నో క్షణంలో తేల్చేస్తాం. కడుపులోకి పోయేవాటి విషయంలో ఇంత పట్టింపు ఉన్నవాళ్లం, బుర్రలోకి పోయేవాటి గురించి ఎందుకు అడగం? పొద్దున్నే గుమ్మంలో పడే పేపరు ఎవరిది? రాత్రి ఏడింటికి మొదలయ్యే సీరియల్ ఎవరి సొమ్ముతో తయారవుతోంది?

"ఎవరిదైతే మనకేంటమ్మా, చదివామా, పక్కన పడేశామా" అంటారు చాలామంది. నిజంగా మనకేం కాదా?

తెనాలి పక్కనున్న కొలకలూరునే తీసుకోండి. ఒక వీధి కుళాయికి మూడు రోజులు నీళ్లు రాలేదనుకుందాం. ఒక పేపరేమో ఊళ్లో మంచినీటి పథకం బ్రహ్మాండంగా నడుస్తోందని రాస్తుంది. ఇంకో పేపరు జనం గొంతెండి చస్తున్నారని రాస్తుంది. బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డ ఇల్లాలికి ఈ రెండింటిలో ఏది ఎంత నిజమో ఎవరూ చెప్పక్కర్లేదు. మన వీధి సంగతి కాబట్టి సరిపోయింది. మరి గుంటూరు సంగతో, హైదరాబాదు సంగతో, ఢిల్లీ సంగతో అయితే? అక్కడికి మనం బిందె పట్టుకుని వెళ్లం కదా! ఆ పేపరు చెప్పిందే నిజమనుకుంటాం. యజమాని బలమంతా అక్కడే ఉంది.

పత్రికకు యజమాని ఉండటం కొత్త కాదు, తప్పూ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం అమ్మి సంపాదించిన డబ్బుతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక మొదలుపెట్టారు. స్త్రీల కోసం 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి తెచ్చిన డాక్టర్ కె.ఎన్.కేసరిగారు ఆడవాళ్ల మందు 'లోధ్ర' తయారీదారు. మందు పత్రికను పోషించింది, పత్రిక మందుకు పేరు తెచ్చింది. 1938లో ఆంధ్రప్రభ పెట్టిన రామ్‌నాథ్ గోయెంకా తెలుగువాడు కూడా కాదు. మన తెనాలివాడైన చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి ఒక చేత్తో చందమామ, మరో చేత్తో విజయా వారి సినిమాలు నడిపారు. పిల్లలకు కథ, పెద్దలకు సినిమా ఒకే చోటు నుంచి వచ్చాయి. ఎవరూ బాధపడలేదు. వాళ్లు మనకు మంచి చదువే పెట్టారు.

మరి ఇప్పుడు మారిందేమిటి? కొలత మారింది. వెనక పత్రిక అనేది పట్నంలో చదువుకున్న కొద్దిమందికి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక లెక్క మారిపోయింది. తెల్లవారకముందే పేపరు ఇంటికి చేరాలన్న పట్టుదల, వాడుక భాష, 1989 నుంచి జిల్లాకొక చిన్న పేపరు. ఊళ్లో జాతరా, బడి గోడ కూలడమూ అచ్చులో కనబడేసరికి పల్లెటూళ్లు కూడా పేపరు తెప్పించుకున్నాయి. దాని అధిపతి రామోజీరావుగారికి అప్పటికే 1962 నుంచి మార్గదర్శి చిట్‌ఫండ్స్ ఉంది. తర్వాత ప్రియా పచ్చళ్లు వచ్చాయి, ఉషాకిరణ్ సినిమాలు వచ్చాయి, 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది, 1996లో ఫిల్మ్‌సిటీ వచ్చింది. అంటే పొద్దున పేపరు, మధ్యాహ్నం కంచంలో ఆవకాయ, రాత్రి సీరియల్, నెలకోసారి చీటీ పాట. ఒక సగటు ఇల్లాలి రోజంతా ఒకే ఇంటి పెరట్లోనుంచి నడిచిపోయేంత విస్తారం! 2024 జూన్ 8న ఆయన కన్నుమూశారు. తెలుగు పత్రికను ఊరూరికీ తీసుకెళ్లిన గొప్పతనం ఆయనకు దక్కాల్సిందే. అంత విస్తారం ఒక్కరి చేతిలో ఉండటం మంచిదా అన్న ప్రశ్న మాత్రం ఆయనతో పోలేదు. అది మనిషి గురించిన ప్రశ్న కాదు గనుక.

ఆ బలం ఆడవాళ్లకు ఏం చేసిందో చూద్దాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత కేంద్రాలకు వెళ్లిన కూలి ఆడవాళ్లు చదువుతోబాటు ఇంకోటి నేర్చుకున్నారు. వాచకంలో ఉన్న సీతమ్మ కథ చదివి, మన ఊళ్లో సారా దుకాణం ఎందుకుండాలని అడిగారు. దూబగుంట రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని సారా బళ్లను వెనక్కి తిప్పారు. ఈ వార్త నెల్లూరు జిల్లా పేజీలోనే ఉండిపోయి ఉంటే? ఉద్యమం కూడా నెల్లూరు పొలిమేరలోనే ఉండిపోయేదేమో! 1992లో ఈనాడు దాన్ని రాష్ట్రమంతటికీ పరిచింది, రోజూ దానికి ప్రత్యేకంగా చోటిచ్చింది. మిగతా పత్రికలూ కలిసొచ్చాయి. వేలిముద్ర వేసే చేతులు చేసిన పని తెనాలిలో, తుని దగ్గర, తాండూరులో తెలిసింది. అక్కడా ఆడవాళ్లు కొంగు బిగించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎన్టీ రామారావుగారు ఎన్నికల్లో మాటిచ్చి, గెలిచి, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు.

ఇది మన విజయమే, సందేహం లేదు. కాని రెండో సగం కూడా చెప్పుకోవాలి. అప్పట్లో అధికారంలో ఉన్నది కాంగ్రెసు. ఈనాడు 1982లో తెలుగుదేశం పుట్టినప్పటి నుంచి ఆ పార్టీకి అండగా నిలబడిందన్నది అందరికీ తెలిసిన మాట. ఆడవాళ్ల ఆక్రోశమూ, పత్రిక ఇష్టమూ ఒకే దారిలో నడిచాయి. కలిసి నడిచాయి కాబట్టి బలం వచ్చింది. 1997లో ప్రభుత్వం మద్య నిషేధాన్ని ఎత్తేసింది. సారా మాత్రం పోయింది, సీసా తిరిగొచ్చింది. అప్పటి చర్చంతా ఖజానా లోటు చుట్టూ, దొంగ సరుకు చుట్టూ తిరిగింది. తాగుబోతు భర్త చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలి లెక్క ఏ బడ్జెట్‌లో రాస్తారు? రోశమ్మలు అప్పుడూ ఉన్నారు, ఊళ్లూ ఉన్నాయి. ఆ మొదటి ఉద్యమానికి దొరికినంత చోటు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ దొరకలేదు.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటే. పత్రిక మనకు స్నేహితురాలే, కాని ఆ స్నేహితురాలికి వేరే ఇల్లుంది. ఆ ఇంటి అవసరం, మన అవసరం కలిసిన రోజున కొండంత అండ. కలవని రోజున మన గోడు లోపలి పేజీలో నాలుగు లైన్లు. అందుకని ఆమెతో స్నేహం మానుకోనక్కర్లేదు. ఆ ఇల్లు ఎవరిదో తెలుసుకుని ఉండాలి, అంతే.

తర్వాత వచ్చిన కాలంలో ఈ సంగతి ఇంకా ముదిరింది. మూతపడిన ఆంధ్రజ్యోతి 2002లో కొత్త యాజమాన్యంతో మళ్లీ వచ్చింది. 2008 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి అబ్బాయి జగన్మోహనరెడ్డిగారు సాక్షి తెచ్చారు. 2011లో తెలంగాణ ఉద్యమం నడుమ నమస్తే తెలంగాణ వచ్చింది. ఒకప్పుడు పత్రికకు పార్టీ మీద ఇష్టం ఉండేది, ఇప్పుడు పార్టీకో పత్రిక, పత్రికకో టీవీ చానల్. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లను కేబుల్‌వాళ్లు ఆపేశారు. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ లాంటివి చాలాచోట్ల కేబుల్‌లో కనబడకుండా పోయాయి. ఎవరు గెలిచినా చీకటయ్యేది మన ఇంట్లో టీవీయే.

ఈ కొట్లాటలో ఎక్కువ నలిగేది ఎవరో గమనించారా? ఎక్కడో ఒక ఆడపిల్లకు అన్యాయం జరుగుతుంది. వార్త రాగానే నిందితుడు ఏ పార్టీవాడన్న వెతుకులాట మొదలవుతుంది. అవతలి పార్టీ అయితే మొదటి పేజీ, వరసగా వారం రోజులు. మనవాడైతే లోపల ఓ మూల. ఆ పిల్లకు వైద్యం అందిందా, కేసు ఎంతవరకు వచ్చింది, మళ్లీ బడికి వెళ్లగలిగిందా అని తర్వాత అడిగే నాథుడుండడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు మన పెద్దలు. సరిగ్గా అదే జరుగుతోంది.

ఇక వార్తలు చూడం, సీరియళ్లే చూస్తామంటారా? అక్కడా యజమాని ఉన్నాడు. 2002లో మొదలైన మా టీవీ మన తెలుగువాళ్లదే. 2015లో దాన్ని స్టార్ సంస్థ కొనుక్కుంది. అప్పుడు దాని అధిపతి ఎక్కడో విదేశాల్లో ఉండే రూపర్ట్ మర్డోక్. 2019లో స్టార్ మొత్తం అమెరికాలోని డిస్నీ చేతికి పోయింది. 2024 నవంబరులో డిస్నీ, రిలయన్స్ కలిసిపోయి, పెత్తనం అంబానీల దగ్గరకు వచ్చింది. పదేళ్లు తిరక్కుండా ముగ్గురు మారారు. మనం రిమోట్ మీద నొక్కే నంబరు కూడా మారలేదు! జెమినీ చెన్నైలోని సన్ వాళ్లది, జీ తెలుగు ముంబయి వాళ్లది. పెద్ద వినోదాల చానళ్లు నాలుగింటిలో తెలుగు గడ్డ మీది యాజమాన్యం ఈటీవీకే మిగిలింది.

బయటివాళ్లదైతే ఏం నష్టం? నష్టం పరాయితనంలో లేదు, లెక్కలో ఉంది. దేశం మొత్తం మీద కొన్ని వేల ఇళ్లలో మీటర్లు పెట్టి, ఎవరు ఏది చూస్తున్నారో లెక్క కడతారు. ఆ అంకెను బట్టి సబ్బుల కంపెనీ, బంగారం కొట్టు, చీరల షోరూము ప్రకటనలిస్తాయి. అంకె పెరగాలంటే ఏడుపు పెరగాలి. కోడలికి విషం పెట్టే అత్త, పట్టుచీరలో పడుకునే ఆడపడుచు, ఏడాదైనా తేలని కడుపు. కొలకలూరు నుంచి పొద్దున్నే కేరేజీ కట్టుకుని పనికి పోయే ఆడమనిషి ఆ కథల్లో ఎక్కడైనా కనబడిందా? ఆమె కూడా చూస్తోంది. కాని ఆమె కథ ఏ ప్రకటనదారుకీ అక్కర్లేదు.

ఆ మాటకొస్తే మీ చేతిలో ఉన్న ఈ స్త్రీల పేజీకీ ఒక యజమాని ఉంటాడు, పక్కనే ఒక నగల ప్రకటన ఉంటుంది. ఈ పేజీని కూడా ఆ కళ్లతోనే చదవండి.

ప్రభుత్వం ఏం చేస్తోందంటారా? 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. ఆకాశంలోని ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద సర్కారు గుత్తాధిపత్యమూ వద్దు, ప్రైవేటు గుత్తాధిపత్యమూ వద్దు అని. 2014లో ట్రాయ్ కూడా పార్టీలూ, ప్రభుత్వాలూ ప్రసార రంగంలోకి రాకూడదనీ, ఒకే సంస్థ పత్రికనూ టీవీనీ కలిపి శాసించకుండా హద్దులుండాలనీ సిఫారసు చేసింది. అది చట్టం కాలేదు. చేయాల్సినవాళ్లలో చానళ్లున్నవాళ్లు, చానళ్ల దయ కావలసినవాళ్లు ఉన్నప్పుడు ఎందుకవుతుంది?

అలాగని నిరాశపడక్కర్లేదు. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్యగారు హిందూసుందరి పెట్టినా, దాని సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ చేతికి తీసుకున్నారు. 1993లో హైదరాబాదులో స్త్రీలే భూమిక తెచ్చుకున్నారు. చిత్తూరు జిల్లాలో 2001 నుంచి పొదుపు సంఘాల ఆడవాళ్లు నవోదయం అనే పత్రికకు తామే వార్తలు సేకరించి, తామే రాశారు. జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008లో సంఘం రేడియో పెట్టి, విత్తనాల సంగతి, వంటల సంగతి, ఊరి సంగతి వాళ్ల యాసలోనే మాట్లాడారు. వీటి వెనక కోట్లు లేవు. "మా మాట మేం చెప్పుకుంటాం" అన్న పట్టుదల ఉంది.

రేపటి నుంచి మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పేపరులో అట్టడుగున సన్నటి అక్షరాల్లో ప్రచురణకర్త పేరు, సంపాదకుడి పేరు ఉంటాయి, ఒక్కసారి చదవండి. పొదుపు సంఘం మీటింగుకు వెళ్లినప్పుడు పదిమంది కలిసి ఒకే వార్తను రెండు పేపర్లలో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు రాసి, ఇంకొకరు వదిలేసింది ఏమిటో వెతకండి. వదిలేసిన దాంట్లోనే అసలు సంగతి ఉంటుంది చాలాసార్లు. ఊరి గ్రంథాలయంలో ఒకే పార్టీ పేపరు వస్తుంటే రెండోది కూడా తెప్పించమని అడగండి. వాట్సాప్‌లో వచ్చినదాన్ని పదిమందికి పంపేముందు ఎవరు చెప్పారని అడగండి. ఆ వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ కూడా ఒకే కంపెనీవి సుమా! మీ వీధి కుళాయి గురించి, బస్సు గురించి, బడిలో మరుగుదొడ్డి గురించి సంపాదకుడికి ఉత్తరం రాయండి. వేయకపోతే మళ్లీ రాయండి. పాఠకురాలు అడిగేదాకా పత్రికకు ఆమె అంకె మాత్రమే, అడిగిన రోజున మనిషి అవుతుంది.

పేపరుకు నెలనెలా డబ్బు కట్టేది మనం, కేబుల్ బిల్లు కట్టేది మనం, ఆ ప్రకటనల్లోని సబ్బు కొనేదీ మనమే. ఇంతమంది మోస్తున్న పల్లకీలో కూర్చున్నవారెవరో అడిగే హక్కు మోసేవాళ్లకు లేదా?